ఇసుకలో అయస్కాంతం నుంచి రక్తపరీక్ష దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నా క్లాస్‌మేటే. ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వేం ఉద్యోగం చేస్తావో ఇన్నేళ్లయినా మాకెవరికీ అర్థం కాలేదు. ఇరవై నిమిషాలిస్తాం, అదేదో చెప్పు" అన్నాడు. మా అమ్మకీ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మావాడు ఇనప పూసలు చేస్తాడు" అని చెప్పేది. నా ఉద్యోగం గురించి అంత క్లుప్తంగా, అంత సరిగ్గా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. కాబట్టి ఇవాళ ఆ ఇనప పూసల గురించే చెబుతాను. అవి చేయడంలో నేను చేసిన ఒక తప్పు గురించీ చెబుతాను. బయట ఏ సభలోనూ దాన్ని చెప్పలేదు. మన బడి కాబట్టి చెబుతున్నాను.

మాది 1986 పదో తరగతి బ్యాచ్. ఆ రోజుల్లో పాడైన రేడియో స్పీకరు వెనకనుంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఎవడి దగ్గరుంటే వాడే మా జట్టుకి నాయకుడు. దానికి దారం కట్టి ఏటి ఇసుకలో ఈడ్చుకుంటూ పోతే నల్లటి పొడి మీసాల్లా పట్టుకునేది. ఆ పొడిని కాగితం మీద పోసి, కింద అయస్కాంతం తిప్పుతూ ఆడించేవాళ్లం. ఒకటే బాధ. అయస్కాంతానికి పట్టిన పొడి ఒక పట్టాన వదిలేది కాదు. గోళ్లతో గీకేవాళ్లం, చొక్కాకి రుద్దేవాళ్లం, ఇంటికెళ్లాక చొక్కా గురించి తన్నులు తినేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు ఇనప రజనునీ గంధకపు పొడినీ కలిపి, వాటిని వేరుచేసే ప్రయోగం చూపించారు. అయస్కాంతాన్ని ఆ పొడిలో పెట్టేముందు దానికి ఒక కాగితం చుట్టారు. రజను కాగితానికి పట్టుకుంది. అయస్కాంతాన్ని కాగితం లోంచి బయటికి లాగేసరికి రజను మొత్తం జలజలా కింద రాలిపోయింది. "అంటించుకోవడం అయస్కాంతం చూసుకుంటుంది. విడిపించుకోవడం మనం చూసుకోవాలి" అన్నారు మాస్టారు. ఆయన ఇవాళ మన ముందే కూర్చున్నారు. ఈ మాట ఆయనకి గుర్తుండకపోవచ్చు. నేను మాత్రం పాతికేళ్లకి పైగా దానిమీదే బతుకుతున్నాను.

ఇక విషయానికొస్తాను. మీలో చాలామంది థైరాయిడ్ పరీక్ష చేయించుకునే ఉంటారు. రిపోర్టులో టీఎస్‌హెచ్ అని ఒక అంకె ఉంటుంది. పెద్దవాళ్లలో మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలంటారు. ఆ హార్మోను మన రక్తంలో ఎంత ఉంటుందో తెలుసా? మిల్లీలీటరుకి ఒక నానోగ్రాము కూడా ఉండదు. అదే మిల్లీలీటరు సీరంలో మిగతా ప్రోటీన్లన్నీ కలిపి 60 నుంచి 80 మిల్లీగ్రాములుంటాయి. అంటే కోట్ల బియ్యపు గింజల్లో ఒక్క నూకని వెతికి పట్టుకోవడం లాంటి పని.

వెతికే ఉపాయం ప్రకృతే ఇచ్చింది. యాంటీబాడీ అనే ప్రోటీను తనకి సరిపోయే ఒక్క పదార్థాన్నే గట్టిగా పట్టుకుంటుంది. దీన్ని కొలతకి వాడొచ్చని న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ చూపించారు. 1960లో వాళ్లు రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచిన పద్ధతి ప్రచురించారు. దానిమీద పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లో చనిపోయాడు. యాలోకి 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లు గుర్తుకోసం రేడియోధార్మిక అయోడిన్ వాడారు. 1971 తర్వాత దాని స్థానంలో ఎంజైములు వచ్చాయి. ఎలైసా అనే పేరు మీరు వినే ఉంటారు. అందులో ప్లాస్టిక్ పళ్లెంలో చిన్న చిన్న గుంటలుంటాయి. గుంట గోడకి యాంటీబాడీ అంటించి ఉంటుంది. రక్తంలోని హార్మోను ఈదుకుంటూ ఆ గోడ దాకా రావాలి. అందుకే ఆలస్యం, గంటల పని.

గోడ దగ్గరికి హార్మోను వచ్చేదాకా ఆగకుండా గోడనే హార్మోను దగ్గరికి పంపితే? అదే మా పూస. ఒక్కొక్క పూస మీద లక్షల యాంటీబాడీలు ఎక్కించి, లక్షల పూసల్ని ఒక చుక్క రక్తరసంలో వదులుతాం. అవి రసమంతా పరుచుకుని హార్మోనుని పట్టుకుంటాయి. వెలుతురునిచ్చే గుర్తు ఉన్న రెండో యాంటీబాడీ వచ్చి, పట్టుబడ్డ హార్మోనుని అటువైపునుంచి పట్టుకుంటుంది. అప్పుడు గొట్టం పక్కన అయస్కాంతం పెడతాం. పూసలన్నీ గోడకి చేరతాయి. మిగతా రసం పారబోసి, కడిగి, అయస్కాంతం తీసేస్తాం. పూసలు మళ్లీ విడిపోతాయి. మళ్లీ కడుగుతాం. చివరికి వచ్చే వెలుతురుని యంత్రం కొలుస్తుంది. ఎక్కువ వెలుతురంటే ఎక్కువ హార్మోను. ఇవాళ పెద్ద ల్యాబుల్లో ఇదంతా ఇరవై నిమిషాల్లోపే అయిపోతోంది.

ఇప్పుడు తయారీ. ఇందులో మూడు దశలున్నాయి. ముందు నల్ల పొడి, తర్వాత పూస, ఆ తర్వాత పూస మీద పూత.

నల్ల పొడి అంటే మనం ఏటి ఇసుకలో ఏరుకున్న మాగ్నెటైటే, ఇనుము ఆక్సైడ్. ఫెర్రిక్ క్లోరైడ్ రెండు పాళ్లు, ఫెర్రస్ క్లోరైడ్ ఒక పాలు నీళ్లలో కలిపితే డికాషన్ లాంటి ద్రావణం వస్తుంది. గాలి తగలకుండా నైట్రోజన్ పంపుతూ, జోరుగా తిప్పుతూ అమ్మోనియా పోస్తే మన కళ్లముందే అది సిరాలా నల్లబడుతుంది. నైట్రోజన్ సిలిండరు అయిపోయిందని చూసుకోకపోతే నలుపు బదులు తుప్పు రంగు వస్తుంది. చదువుకునే రోజుల్లో నేను నలుపు కంటే తుప్పే ఎక్కువ చూశాను.

ఇక్కడే అసలు కిటుకుంది. ఏటి ఇసుకలో పొడి గింజలు పెద్దవి. అయస్కాంతం తీసేశాక కూడా కొంత అయస్కాంత గుణం వాటిలో మిగిలిపోతుంది. అవి ఒకదానికొకటి పల్లేరుకాయల్లా పట్టుకుంటాయి. అదే గింజ పది నానోమీటర్లదైతే, అంటే మిల్లీమీటరులో లక్షో వంతైతే, మామూలు గది వేడికే దాని అయస్కాంత దిశ అటూ ఇటూ తిరిగిపోతూ ఉంటుంది. బయట అయస్కాంతం ఉన్నంతసేపు అన్నీ ఒకవైపు తిరుగుతాయి, బలంగా వస్తాయి. అది తీసేయగానే ఎవరి దారి వారిది. దీన్ని సూపర్‌పారామాగ్నెటిజం అంటారు. పేరు వదిలేయండి. పిలిస్తే రావాలి, వదిలితే విడిపోవాలి. ఈ రెండో గుణం లేకపోతే పూసలు ముద్దకడతాయి. ముద్ద లోపలి యాంటీబాడీ పనికి రాదు, ముద్దని కడిగినా శుభ్రపడదు.

పది నానోమీటర్ల గింజ ఒక్కటే ఉంటే అయస్కాంతం దాన్ని త్వరగా లాగలేదు. అందుకని అలాంటి లక్షల గింజల్ని ఒక ప్లాస్టిక్ పూసలో ఇముడ్చుతాం. ఆ పూసలన్నీ ఒకే సైజులో ఉండాలి. సైజు మారితే పైభాగం వైశాల్యం మారుతుంది, దానిమీద పట్టే యాంటీబాడీ మారుతుంది, మీ రిపోర్టులో అంకె మారుతుంది. ఒకే సైజు పెద్ద పూసలు చేయడం ఒకప్పుడు మహా కష్టం. తయారయ్యేటప్పుడే గురుత్వాకర్షణ వల్ల కొన్ని తేలేవి, కొన్ని మునిగేవి. అమెరికావాళ్లు దానికోసం అంతరిక్ష నౌకలో ప్రయోగాలు చేశారు. షటిల్‌లో చేసిన పది మైక్రాన్ల పూసల్ని 1985లో కొలత ప్రమాణంగా అమ్మకానికి కూడా పెట్టారు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో జాన్ ఉగెల్‌స్టాడ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అంతకుముందే, 1970ల్లోనే, నేలమీద వాటిని సాధించాడు. చిన్న విత్తన పూసల్ని ముందు తయారుచేసి, శనగలు నానబెట్టినట్టు ముడి ద్రవంలో సమానంగా ఉబ్బించి, అప్పుడు గట్టిపరిచాడు. ఆ పూసల్ని సన్నటి రంధ్రాలతో చేసి, రంధ్రాల్లో ఇనుము ఆక్సైడ్ నింపి, పైన మళ్లీ ప్లాస్టిక్ పొర వేశారు. మా మాస్టారు చుట్టిన కాగితం లాంటిదే ఆ పొర కూడా. ఇనుము రక్తానికి తగలదు, రక్తం ఇనుముకి తగలదు.

మా పూస సుమారు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పాతిక పూసలు వరసగా పడతాయి. ఒక గ్రాములో నాలుగు వేల కోట్లకి పైగా ఉంటాయి. వాటి పైభాగాలన్నీ పరిస్తే ఒక చదరపు మీటరు దాటుతుంది, అంటే మన బడిలో ముగ్గురు కూర్చునే బల్ల చెక్క కంటే ఎక్కువ.

ఆఖరిది పూత. పూసకి యాంటీబాడీని కలిపే రసాయనం ఒకటుంది, కార్బోడైఇమైడ్. దాన్ని ఫ్రీజర్‌లోంచి తీసి, గది వేడికి వచ్చేదాకా సీసా మూత తీయకూడదు. తొందరపడి తీస్తే గాలిలో చెమ్మ లోపలికి దిగి పొడి పాడవుతుంది. యాంటీబాడీలు ఎక్కాక కూడా పూస మీద ఖాళీలు మిగులుతాయి. వాటిని వదిలేస్తే రక్తంలోని అక్కర్లేని ప్రోటీన్లు వచ్చి కూర్చుంటాయి. మనం ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునేవాళ్లం కదా. అలా పాల ప్రోటీనో, ఆవు రక్తంలోని అల్బుమినో వేసి ఆ ఖాళీ సీట్లన్నీ ఆపేస్తాం. ఆ తర్వాత కడగడం. అయస్కాంతం పెట్టు, ఆగు, పైన తేట వంపు, అయస్కాంతం తియ్యి, కొత్త ద్రావణం పొయ్యి, కలుపు. మళ్లీ అదే. మా పనిలో ముప్పాతిక భాగం కడగడమే. మా అమ్మ బియ్యం కడిగేటప్పుడు తేట వచ్చేదాకా నీళ్లు మార్చేది. కొత్తగా చేరిన పిల్లలకి నేను అదే చెబుతాను.

ఇప్పుడు నా తప్పు.

సుమారు పన్నెండేళ్ల కిందట. టీఎస్‌హెచ్ పూసల ఒక బ్యాచ్ సీసాల్లో నింపాలి. రాత్రి పొద్దుపోయిందని ట్యాంకుని కోల్డ్ రూములో పెట్టించాను. పొద్దున బయటికి తీసి స్టిరరు వేస్తే నురగ పొంగింది. ఆ ద్రావణంలో సబ్బు లాంటి పదార్థం కొంచెం ఉంటుంది, గట్టిగా తిప్పితే నురగ వస్తుంది. నురగ వస్తే సీసాలో కొలత తప్పుతుందని నేనే స్టిరరు వేగం తగ్గించమన్నాను. ద్రావణం చూడటానికి గోధుమరంగులో ఒకేలా కనిపించింది. నింపారు. మధ్యలో తీసిన సీసాలు పరీక్షకి పంపాను. అన్నీ పాస్. బ్యాచ్ రికార్డు మీద సంతకం పెట్టాను.

మూడు మైక్రాన్ల పూస నిలవ నీళ్లలో గంటకి దాదాపు ఒక సెంటీమీటరు దిగుతుంది. రాత్రంతా అంటే పన్నెండు సెంటీమీటర్లు. ఈ లెక్క నాకు తెలియంది కాదు. ఆ పొద్దున వేసుకోలేదు, అంతే. అడుగున చేరిన పూసల్ని లేపడానికి ఆ వేగం చాలలేదు. ట్యాంకు కుళాయి అడుగునే ఉంటుంది. మొదటి సీసాల్లోకి చిక్కగా వెళ్లాయి, చివరి సీసాల్లోకి పలచగా వెళ్లాయి. నేను పరీక్షకి పంపినవి మధ్యవి.

రెండు నెలల తర్వాత ఒక చిన్న ఊళ్లోని ల్యాబ్ నుంచి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, నిన్న కొత్త సీసా పెట్టాం. కంట్రోళ్లు ఎక్కువ చూపిస్తున్నాయి. ఒక పేషెంటు శాంపిల్ పాత సీసాతో 3.2, కొత్త సీసాతో 4.9. రెండూ ఒకే లాట్ నంబరు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "మీ మిషన్ వాష్ స్టేషన్ శుభ్రం చేయించండి బాబూ" అన్నాను. ఆ కుర్రాడు మర్యాదగా "చేయించాను సార్, మూడుసార్లు" అన్నాడు. నేను "సరే, చూస్తాను" అని పెట్టేశాను.

నాలుగు రోజులు చూడలేదు. ఐదో రోజు మళ్లీ అతనే. "సార్, కోపగించుకోకండి. ఇట్లాంటి సీసాతోనే పోయిన వారం మేము ఒకావిడకి 4.9 అని రిపోర్టు ఇచ్చాం. కడుపుతో ఉన్నావిడ. డాక్టరుగారు మాత్ర మొదలుపెట్టారు. నాకు రాత్రి నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా దగ్గర దాచి ఉంచిన సీసాలు తీయించాను. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి "సార్, మొదటి పెట్టెలోవీ, చివరి పెట్టెలోవీ కూడా చూద్దామా?" అంది. చూశాం. బాగా కలిపి, పలచన చేసి, ఎంత మసకగా ఉందో కొలిచాం. మొదటి పెట్టె, మధ్య పెట్టె, చివరి పెట్టె, మూడూ మూడు రకాలు. ఆ అమ్మాయి నావైపు చూడలేదు. రికార్డులో స్టిరరు వేగం పక్కన నా సంతకం ఉంది.

ఆ సాయంత్రం రిపోర్టు ఎలా రాయాలా అని ఆలోచించాను. నిజం చెబుతున్నాను, 'రవాణాలో కలిగిన ఇబ్బంది' అని రాస్తే ఎవరూ అడగరని కూడా అనిపించింది. అప్పుడు మాస్టారి ప్రాక్టికల్ రికార్డు గుర్తొచ్చింది. లోలకం ప్రయోగంలో నా పక్కవాడి రీడింగులు నేను కాపీ కొట్టాను. అతనివి పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి, నావి రాలేదు. మాస్టారు నన్ను కొట్టలేదు. ఆ పేజీ చింపేసి, "తప్పొచ్చినా నీకొచ్చిందే రాయి. ఎక్కడ తప్పిందో వెతకడానికి నీ దగ్గర ఉండేది అదొక్కటే" అన్నారు. నేను వేగం ఎంతకి తగ్గించానో, ఎందుకు తగ్గించానో, ఫోన్ వచ్చాక ఎన్ని రోజులు ఊరుకున్నానో రాసి ఇచ్చాను.

ఆ బ్యాచ్ సీసాలన్నీ వెనక్కి తెప్పించాం. ఏ ల్యాబులో ఏ సీసా వాడారో కనుక్కుని, దొరికినంతమందిని పిలిపించి ఉచితంగా మళ్లీ పరీక్ష చేయించాం. ఆ తల్లికి అసలు అంకె 3.2. డాక్టరుగారు మాత్ర ఆపేశారు. అక్కర్లేని మాత్ర ఆమె పదకొండు రోజులు వేసుకుంది, పదకొండు రోజులు బిడ్డ గురించి బెంగపడింది. ఆమె పేరు నాకు తెలియదు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. పలచటి సీసాలు అంకెని తక్కువ చూపిస్తాయి. జబ్బున్నా లేదనిపించుకుని ఇంటికెళ్లినవాళ్లు ఉండి ఉంటారు. పిలిచినా మళ్లీ రానివాళ్లు కొందరున్నారు.

ఆ తర్వాత మా పద్ధతి మార్చాం. పూసల ట్యాంకు రాత్రి నిలవ ఉంచం. నురగ వస్తే వేగం ముట్టుకోం, స్టిరరు రెక్క మారుస్తాం. పరీక్షకి మొదటి సీసా, మధ్య సీసా, చివరి సీసా తప్పకుండా వెళ్లాలి. ఫోన్ చేసిన టెక్నీషియన్ చెప్పేది ముందు నమ్ముతాం, తర్వాత పరీక్షిస్తాం. ఆ రోజు మూడు పెట్టెలు చూద్దామన్న అమ్మాయే ఇవాళ మా నాణ్యత విభాగం చూసుకుంటోంది. నేను సంతకం పెట్టిన కాగితం కూడా ఆమె చూడందే బయటికి వెళ్లదు.

మీకు ఇంట్లో పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. చాలా కంపెనీల పూసల మీద స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీను ఉంటుంది. అది బయోటిన్ అనే విటమిన్‌ని చాలా గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుతోనే యాంటీబాడీని పూసకి కడతారు. జుట్టు రాలకుండా చాలామంది వేసుకుంటున్న మాత్రల్లో ఉండేది ఆ బయోటినే. ఎక్కువ మోతాదులో వేసుకుని రక్తమిస్తే, మాత్రలోని బయోటిన్ పూస మీది చోటు ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ లేనిపోనంత తక్కువగానూ, థైరాయిడ్ హార్మోను ఎక్కువగానూ కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్షలో అంకె తక్కువ కనిపించి, ఒక మనిషి ప్రాణం పోయిన సంఘటనతో సహా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో అందరినీ హెచ్చరించింది. కాబట్టి రక్తమిచ్చేటప్పుడు ఏ మాత్రలు వేసుకుంటున్నారో, విటమిన్లతో సహా, ల్యాబువాళ్లకీ డాక్టరుకీ చెప్పండి. రిపోర్టు మీ ఒంటి తీరుకి పొంతన లేకుండా ఉంటే మళ్లీ చేయమని అడగండి. అడిగితే కోప్పడే ల్యాబుకి వెళ్లకండి. మొదటిసారి నేను కూడా అలాగే తప్పించుకున్నాను.

మా 1986 బ్యాచ్ తరఫున బడి సైన్సు గదికి ఒక పెట్టె అయస్కాంతాలూ, రెండు మైక్రోస్కోపులూ ఇస్తున్నాం. ఉపాధ్యాయ మిత్రులకి ఒక విన్నపం. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒకరోజు ఏటి దగ్గరికి తీసుకెళ్లండి. ఇసుకలో అయస్కాంతం ఈడ్చనివ్వండి. ముందు కాగితం చుట్టకుండా ఈడ్చనివ్వండి. గోళ్లతో గీక్కోనివ్వండి. చొక్కాలు పాడుచేసుకోనివ్వండి. కాగితం సంగతి ఆ తర్వాత చెప్పండి.

మాస్టారూ, మీరు చింపిన ఆ పేజీ ఇప్పుడు నా దగ్గర లేదు. కానీ మళ్లీ రాసిన పేజీ ఉంది. అందులో రీడింగులు పుస్తకంలో ఉన్నట్టు రాలేదు. మీరు దానికి పదికి ఆరు వేశారు. ఆ ఆరు మార్కులకి ఇవాళ అందరి ముందూ మీకు నమస్కారం చేసుకుంటున్నాను.

సెలవు.